కుంగ్‌ఫూ క్యాంపెయిన్‌కి ఏ ఆర్‌పీజీ? దెబ్బ తగిలాక ఏం మారాలో ముందు తేల్చుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఐదుగురు స్నేహితులు ఏడాదిగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆర్‌పీజీ (తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలతో కథ నడిపే బల్ల ఆట) ఆడుతున్నారు, ఇప్పుడు కుంగ్‌ఫూ కథ ఒకటి నడపాలని ఉంది. అందరూ మాంక్ క్లాస్ (ఉత్తి చేతులతో పోరాడే సన్యాసి తరహా పాత్ర) తీసుకుని అందులోనే సర్దుకోవాలా, వేరే ఆటకి మారాలా? మారితే దేనికి? పైగా మీలో ఒకతను నిజంగా కరాటే నేర్చుకున్నవాడు, రూల్స్ వాస్తవానికి దగ్గరగా ఉండాలని పట్టుబడుతున్నాడు.

నా జవాబు: వేరే ఆటకి మారండి. మొదటి ఆటగా ఫెంగ్ షుయ్ రెండో ఎడిషన్ తీసుకోండి. మీ బృందానికి కొట్లాటల కన్నా పగలు, ప్రేమలు, గురుశిష్యుల గొడవలు ఎక్కువ ఇష్టమైతే హార్ట్స్ ఆఫ్ వూలిన్ తీసుకోండి. మిగతా ఆటలు మంచివే, కానీ అవి ఎవరికి నప్పుతాయో తెలుసుకుని వాటి దగ్గరికి వెళ్లాలి.

18 ఏళ్లుగా గేమ్ మాస్టర్‌గా, అంటే కథ నడిపేవాడిగా కూర్చుంటున్నాను. అందులో సగానికి పైగా ఈ తరహా కథలే నడిపాను. మొదట్లో నేనూ పుస్తకంలో ఎన్ని శైలులున్నాయి, ఎన్ని పట్లున్నాయి అని లెక్కపెట్టి ఆట కొనేవాడిని. పులి శైలి, కొంగ శైలి, తాగుబోతు శైలి అన్నీ ఉన్న పుస్తకమే గొప్పదనుకునేవాడిని. అది తప్పని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను ఎదురు అడిగేది ఒకటే: దెబ్బ తగిలాక ఏం మారాలి? ఒంట్లో బలం తగ్గాలా? నిలబడిన చోటు మారాలా? ఇద్దరి మధ్య ఉన్న బంధం మారాలా? మనసులో దాచుకున్నది బయటపడాలా? ప్రతి ఆటా దీనికి ఒక్కో జవాబు ఇస్తుంది. మీకు కావలసిన జవాబు ఏ ఆట ఇస్తే అదే మీ ఆట.

ముందు మాంక్‌ల సంగతి

మీకు తెలిసిన ఆట కాబట్టి ఇక్కడే మొదలుపెడతాను. మాంక్ క్లాస్ చెడ్డది కాదు. 1975లో వచ్చిన బ్లాక్‌మూర్ అనుబంధం నుంచీ ఆ ఆటలో ఉంది. నలుగురు వేర్వేరు వీరుల మధ్య ఒకడుగా మాంక్ చాలా బాగుంటాడు. కత్తి వాడు ఒకడు, మంత్రం వేసేవాడు ఒకడు, వాళ్ల మధ్యలో ఉత్తి చేతులతో దూకేవాడు ఒకడు అంటే ఆ తేడాయే అందం. అందరూ మాంక్‌లే అయితే ఆ తేడా పోతుంది.

నేను 2014 రూల్స్‌తో నలుగురు మాంక్‌ల కథ నడిపాను, ఏడెనిమిది నెలలు. మూడో నెలకల్లా ప్రతి ఒక్కరి వంతూ ఒకేలా తయారైంది: ఒకటో రెండో దెబ్బలు, ఒక కీ పాయింట్ (మాంక్ లోపలి శక్తి లెక్క) ఖర్చుపెట్టి మరో రెండు గుద్దులు, "అయిపోయింది" అని పక్కవాడి వైపు చూడటం. ఐదో లెవెల్‌లో స్టన్నింగ్ స్ట్రైక్ (శత్రువుని కాసేపు కదలకుండా చేసే దెబ్బ) వచ్చాక పరిస్థితి ఇంకా చెడింది. ఓ లెక్క చూడండి. ప్రధాన శత్రువు దాన్ని తట్టుకునే అవకాశం ప్రతిసారీ 60 శాతం అనుకుందాం. నలుగురు తలా ఒక్కసారి ప్రయత్నిస్తే నాలుగుసార్లూ తట్టుకునే అవకాశం సుమారు 13 శాతమే. అంటే నేను నెలల తరబడి పెంచుకొచ్చిన ప్రతినాయకుడు మొదటి రౌండ్‌లోనే కొయ్యబారిపోతాడు, చుట్టూ నిలబడి బాదుతారు. అదే జరిగింది. గెలిచినవాళ్ల ముఖాల్లో కూడా సంతోషం కనిపించలేదు. 2024 రూల్స్‌లో దాన్ని వంతుకి ఒక్కసారికే పరిమితం చేశారు. మంచి మార్పే. అయినా అసలు చిక్కు అది కాదు. ఆ ఆటలో దెబ్బ తగిలితే ఒక అంకె తగ్గుతుంది, అంకె సున్నా అయ్యేదాకా ఇంకేమీ మారదు. కుంగ్‌ఫూ కథల్లో మాత్రం మధ్యలో జరిగేదే అసలు కథ.

ఆ ఆటని వదలడం మీకు ఇష్టం లేకపోతే ఒక్క సలహా. అందరూ మాంక్‌లు కాకుండా ఒకరు ఫైటర్, ఒకరు రోగ్, ఒకరు బార్బేరియన్ తీసుకుని, అందరూ ఒకే గురువు దగ్గర వేర్వేరు విద్యలు నేర్చినవాళ్లమని చెప్పుకోండి. క్లాస్ పేరు కాగితం మీదే ఉంటుంది, నోటితో చెప్పేది మీ ఇష్టం.

ఫెంగ్ షుయ్ ఎందుకు ముందు చెప్పాను

రాబిన్ లాస్ రాసిన ఆట, మొదట 1996లో వచ్చింది. హాంకాంగ్ యాక్షన్ సినిమాల ఊపుని బల్ల మీదికి తేవడమే దాని పని. రెండో ఎడిషన్ 2015లో వచ్చింది, మీరు చూడాల్సింది అదే.

ఇందులో రెండు మామూలు ఆరు ముఖాల పాచికలు చాలు. ఒకటి కలిపేది, ఒకటి తీసేసేది. కలిపేదాంట్లోంచి తీసేసేదాన్ని తీసివేసి, వచ్చింది మీ నైపుణ్యానికి చేరుస్తారు. ఏ పాచిక మీద ఆరు పడినా మళ్లీ వేసి కలుపుకుంటూ పోవాలి. అందుకే ఎక్కువసార్లు ఫలితం మీ నైపుణ్యానికి దగ్గరలోనే ఉంటుంది, ఎప్పుడో ఒకసారి మాత్రం ఆకాశానికో పాతాళానికో పోతుంది. సినిమాలో హీరో తీరు కూడా అదే కదా.

పాత్రలు తయారుగా ఉంటాయి. పుస్తకంలోని మూసల్లో ఒకటి ఎంచుకుని, పేరు పెట్టి, ఆ పాత్రని లోపల తొలుస్తున్న బాధ ఏమిటో ఒక వాక్యంలో రాస్తే చాలు. పావుగంటలో ఐదుగురూ సిద్ధం. ముఠాలోని మామూలు గూండాలు ఒక్క దెబ్బకే పడిపోతారు, వాళ్ల బలం లెక్కపెట్టే పనే లేదు. పేరున్న శత్రువులకి మాత్రమే లెక్క. ఇక వంతుల పద్ధతి ప్రత్యేకంగా ఉంటుంది. గేమ్ మాస్టర్ పై అంకె నుంచి కిందికి లెక్కపెడుతూ వస్తాడు, ప్రతి పనికీ కొన్ని "షాట్‌లు" ఖర్చవుతాయి, మామూలు దాడికి మూడు. చురుకైనవాడి వంతు మళ్లీ త్వరగా వస్తుంది. ఎవరూ ఫోన్ చూసుకునే తీరిక ఉండదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇది: పటం అక్కర్లేదు. "ఇక్కడ నిచ్చెన ఉందా?" అని ఆటగాడు అడగకుండానే నిచ్చెన అందుకోవచ్చు. వంటశాలలో కొట్లాట అంటే మూకుళ్లు, గరిటెలు, మరుగుతున్న నీళ్లు అన్నీ ఉన్నట్టే. సిగ్గరి అయిన ఒక ఆటగాడు నా దగ్గర ఏడాది పాటు "కొడుతున్నాను" అనే ఒక్క మాటతో నెట్టుకొచ్చాడు. ఈ ఆటలో రెండో సాయంత్రమే మెట్ల మీంచి చాప చుట్టుకుని దొర్లుతూ ముగ్గురిని పడగొట్టాడు. ఎవరూ నేర్పలేదు. అడ్డు తీసేస్తే చాలింది.

దీనికి పరిమితి కూడా ఉంది. నెలల తరబడి సాగే కథకి ఇది పలచబడుతుంది. పది పన్నెండు సెషన్ల తర్వాత పాత్రలు ఎదిగే దారి ఇరుకుగా అనిపించింది నాకు. పుస్తకంతో వచ్చే కాలప్రయాణాల కథా ప్రపంచం నచ్చకపోతే పక్కన పెట్టేయండి, రూల్స్‌కి ఏమీ కాదు.

బంధాలే కథ అయితే

చైనా వూషియా కథల్లో "వూ" అంటే పోరు, "షియా" అంటే ధర్మం కోసం నిలబడే వీరుడు. వూలిన్ అంటే ఆ యోధుల లోకం. ఆ కథల్లో ఒక్కో కత్తి వేటు వెనక ఒక మాట తప్పడమో, చెప్పుకోలేని ప్రేమో, గురువు హత్యో ఉంటుంది. హార్ట్స్ ఆఫ్ వూలిన్ దాని మీదే నిలబడిన ఆట. మొదటి రోజే ప్రతి పాత్రకీ రెండు చిక్కుముళ్లు రాసుకుంటారు. ఒకటి మనసుకి సంబంధించింది, రెండోది పరువుకో పగకో సంబంధించింది. ఆ ముళ్లలో తోటి ఆటగాడి పాత్ర ఒకటి, బయటి పాత్ర ఒకటి ఇరుక్కుని ఉంటాయి.

పద్ధతి తేలిక. రెండు ఆరు ముఖాల పాచికలు, వాటికి పంచభూతాల లాంటి ఐదు గుణాల్లో ఒకటి కలపాలి: నేల, నిప్పు, లోహం, నీరు, కొయ్య. 10 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే పూర్తి గెలుపు, 7 నుంచి 9 అయితే గెలుపుతో పాటు ఏదో ఒక నష్టం, 6 లేదా అంతకన్నా తక్కువ అయితే చేటు. గుణం +1 ఉందనుకోండి, రెండు పాచికలు 36 రకాలుగా పడవచ్చు, వాటిలో 10 పూర్తి గెలుపు, 16 మధ్యస్థం, 10 చేటు. అంటే ఎక్కువసార్లు గెలుస్తూనే ఏదో పోగొట్టుకుంటారు. ఈ కథలకి సరిగ్గా కావలసింది అదే.

ఇంకో రూల్ ఉంది, అదంటే నాకు చాలా ఇష్టం. శత్రువు మీకన్నా పై స్థాయి వాడైతే నేరుగా కొట్టి గెలవలేరు. పాచికలు ఎంత బాగా పడినా అంతే. ముందు వాడి రహస్యం తెలుసుకోవాలి, కొత్త విద్య నేర్చుకోవాలి, లేదా వాడి బలానికి మూలం ఏదో దాన్ని తెంచాలి. భీముడు జరాసంధుణ్ని ఎన్నిసార్లు చీల్చినా మళ్లీ అతుక్కున్నాడు. కృష్ణుడు గడ్డిపరకని చీల్చి తారుమారు చేసి పడేసి చూపించాకే కదా పని అయింది! ఆ కథ తెలిసిన మనకి ఈ రూల్ వివరించాల్సిన పనే లేదు. నా బల్ల దగ్గర ఈ పోలిక చెప్పగానే ఐదుగురూ శత్రువుని వదిలేసి, వాడి పాత గురువుని వెతుక్కుంటూ బయల్దేరారు. తర్వాతి నాలుగు సెషన్లూ ఆ వెతుకులాటే, దాన్ని మించిన కథ నేను రాయలేకపోయేవాడిని.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. ఇందులో ద్వంద్వయుద్ధం ఒక్కసారి పాచికలు వేయడంతో తేలిపోతుంది. నా బృందంలో ఎత్తుకు పైఎత్తు ఆలోచించడం ఇష్టమైన ఒకతను మూడు వారాలు ఎదురుచూసిన పోరు అలా ఒక్కసారితో ముగిసిపోయింది. అతని ముఖం చూసి నాకే బాధేసింది. తప్పు ఆటది కాదు, ముందే చెప్పకపోవడం నాది. మీలో అలాంటివాళ్లు ఇద్దరున్నా ఈ ఆట వద్దు.

ఎత్తులు, పైఎత్తులు కావాలంటే

ఇక్కడ దారులు చాలా ఉన్నాయి, నేను నిజంగా ఆడినవే చెబుతాను.

అవతార్ లెజెండ్స్: ఇద్దరూ తమ ఎత్తుని రహస్యంగా ఎంచుకుని ఒకేసారి బయటపెడతారు. కాచుకుని చోటు మార్చుకోవడం ముందు జరుగుతుంది, ముందుకెళ్లి కొట్టడం తర్వాత, తప్పించుకుని గమనించడం చివర. మూడే దారులు, కానీ ఎదుటివాడు ఏం చేస్తాడో ఊహించడంలో ఉత్కంఠ ఉంటుంది. ప్రతి పాత్రనీ రెండు విలువలు చెరోవైపు లాగుతుంటాయి, మాటలతోనే శత్రువు నిలకడని చెదరగొట్టవచ్చు. 2021లో కిక్‌స్టార్టర్‌లో (జనం నుంచి ముందుగా డబ్బు పోగుచేసే వెబ్‌సైట్) 95 లక్షల డాలర్లకు పైగా పోగైన ఆట ఇది, అందువల్ల ఆడేవాళ్లు, సలహా చెప్పేవాళ్లు తేలిగ్గా దొరుకుతారు. ఆ యానిమేషన్ లోకం మీ అందరికీ ఇష్టమైతేనే ఎంచుకోండి. రూల్స్ ఆ లోకంతో బాగా పెనవేసుకుని ఉన్నాయి.

పానిక్ ఎట్ ది డోజో: గళ్ల పటం మీద ఆడేది. ఒక్కో పాత్రకీ మూడు భంగిమలు. వంతు రాగానే ఒక భంగిమ ఎంచుకుని, దానికున్న పాచికలు వేసి, పడిన అంకెలతో కదలికలు, దెబ్బలు కొనుక్కోవాలి. వీడియోగేమ్ ఫైటింగ్ ఇష్టమైనవాళ్లకి పండగ. కథ పల్చన, పోరు చిక్కన.

ఎగ్జాల్టెడ్ మూడో ఎడిషన్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. దాని పోరు వెనకున్న ఆలోచన అంత గొప్పది. ఇక్కడ ఇనిషియేటివ్ అంటే వంతుల వరుస ఒక్కటే కాదు, అదే పోరులో మీ పైచేయి. ఒక రకం దాడి ఒంటికి తగలదు, ఎదుటివాడి పైచేయిని లాక్కుంటుంది. అలా కూడబెట్టుకున్నదంతా ఒక్క వేటులో ఖర్చుపెడితే అప్పుడు నిజంగా గాయం అవుతుంది, ఆ వెంటనే మీ పైచేయి మళ్లీ 3కి పడిపోతుంది. నిమిషాల తరబడి ఎవరికీ గీత పడకుండా సాగే కత్తిపోరు, చివర్లో ఒక్క మెరుపు! సినిమాలో చూసే లయ అదే. కానీ పుస్తకం 600 పేజీలు దాటుతుంది, ప్రతి పాత్రకీ గుర్తుపెట్టుకోవాల్సిన శక్తులు పదుల్లో ఉంటాయి. ఏడాది అనుభవంతో దీనికి రావద్దు. ఎప్పుడైనా ఇంకొకరు నడుపుతుంటే ఆటగాడిగా కూర్చుని చూడండి.

2011లో వచ్చిన లెజెండ్స్ ఆఫ్ ద వూలిన్‌ని ప్రేమించినంత నేను ఏ ఆటనీ ప్రేమించలేదు, కానీ మీకు మాత్రం వద్దంటాను. ఆ యోధుల లోకాన్ని చైనీయులు జియాంఘు అంటారు, నదులూ సరస్సులూ అని అర్థం. ఈ ఆటలో పాచికల పేర్లే అవి. పది ముఖాల పాచికల గుంపు "సరస్సు". అందులో ఒకే అంకె పడినవాటిని జట్టు కట్టాలి, రెండు ఏడులు పడితే 27, మూడు నాలుగులు పడితే 34. మిగిలిన మంచి జట్టుని "నది"లో దాచుకుని తర్వాత వాడుకోవచ్చు. ఇక్కడ విరిగిన చెయ్యి, విరిగిన మనసు రెండూ ఒకే రూల్‌తో నడుస్తాయి. వైద్యుడు నాడి పట్టి, మాటకారి ఒక్క మాటతో, యోధుడు పిడికిలితో, అందరూ ఎదుటివాడి మీద ఏదో ఒక స్థితిని మోపుతారు. ఆ స్థితికి తగ్గట్టు నడుచుకుంటే ఇబ్బంది లేదు, ఎదిరిస్తే శిక్ష. ఇంత అందమైన ఆలోచన ఉన్న పుస్తకం చదవడానికి మాత్రం అడవిలా ఉంటుంది. ఒకచోట చెప్పిన మాటకి అర్థం ఇంకెక్కడో దొరుకుతుంది. నేను రెండుసార్లు చదివి, నోట్స్ రాసుకుని, మూడు సెషన్లు నేర్పడానికే ఖర్చుపెట్టాను. మీలో ఎవరికైనా అంత ఓపిక ఉంటే రెండో ఏడాది ప్రయత్నించండి.

సమురాయ్‌ల కథ కావాలంటే లెజెండ్ ఆఫ్ ద ఫైవ్ రింగ్స్ ఐదో ఎడిషన్, 2018. కుంగ్‌ఫూకి పనికిరాదు, కానీ అందులోని ద్వంద్వయుద్ధం చూడదగ్గది. పాచికల మీద గెలుపుతో పాటు మనసులో అలజడి కూడా పడుతుంది. అలజడి హద్దు దాటినవాడి మీద ఎదుటివాడు చావుదెబ్బ తీయవచ్చు. చెయ్యి ఎంత చురుకో దానికన్నా గుండె ఎంత నిబ్బరమో ముఖ్యం అన్నమాట.

కరాటే నేర్చిన మీ స్నేహితుడి మాట

అతన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అతను అడిగేదానికి సరిపడే ఆట ఉంది: గర్ప్స్, దానికి తోడు 2007లో వచ్చిన మార్షల్ ఆర్ట్స్ పుస్తకం. ఇందులో ఒక్కో వంతు ఒక్క క్షణం, అంటే నిజంగా ఒక సెకను. మూడు పాచికలు వేస్తే మీ నైపుణ్యం అంకె గానీ అంతకన్నా తక్కువ గానీ రావాలి, తర్వాత ఎదుటివాడు కాచుకోవడానికి వేస్తాడు.

దాని నిజాయితీ ఎలాంటిదో అంకెల్లో చెబుతాను, కాచుకోవడానికి వీల్లేని అరుదైన క్రిటికల్ దెబ్బల్ని పక్కన పెట్టి. మీ నైపుణ్యం 12 అయితే దెబ్బ సరిగ్గా పడే అవకాశం 74 శాతం. ఎదుటివాడి కాపు 10 అయితే సగంసార్లు ఆపేస్తాడు. అంటే మీ దెబ్బల్లో తగిలేవి సుమారు 37 శాతమే. ఇప్పుడు నైపుణ్యం 16 ఉన్నవాడు ఉన్నాడనుకోండి. అతను సూటిగా కొడితే దాదాపు ఎప్పుడూ గురి తప్పడు, కానీ సగం దెబ్బలు ఆగిపోతాయి, తగిలేవి 49 శాతం. అతనే తన నైపుణ్యంలో 4 తగ్గించుకుని ఎదుటివాణ్ని బోల్తా కొట్టించేలా కొడితే వాడి కాపు 2 తగ్గుతుంది, అప్పుడు తగిలేవి 55 శాతం. ఆరితేరినవాడు బలం కన్నా మోసపు ఎత్తుని నమ్ముకుంటాడని రూలే చెబుతోంది. శిక్షణ పొందినవాళ్లకి ఇది చూడగానే నచ్చుతుంది.

నా బృందంలో జూడో నేర్చిన ఒకతను ఇలాగే పట్టుబట్టాడు. సరేనని ఒక సాయంత్రం గర్ప్స్ పెట్టాం. ముగ్గురు దుండగులు, ఇరుకు సందు. పట్టు, మెలిక, పాదం ఎక్కడ ఉంది, అన్నీ లెక్కలోకి వచ్చాయి. అతను మెరిసే కళ్లతో ఆడాడు. కథలో తొమ్మిది సెకన్లు గడిచేసరికి మాకు మూడు గంటలయింది, మిగతా ఇద్దరు ఆవులిస్తున్నారు.

కాబట్టి అతనితో ముందే మాట్లాడండి. "వాస్తవం" అంటే అతని ఉద్దేశం ఏమిటో అడగండి. చాలాసార్లు వాళ్లకి కావలసింది లెక్కలు కాదు, తెలిసిన విద్యని ఎవరూ వెటకారం చేయకుండా గౌరవించడం. నా మిత్రుడి విషయంలో తేలింది అదే. తర్వాత మేం ఫెంగ్ షుయ్‌కి వెళ్లాం, అతనికి ఒక పని అప్పగించాను. ఎవరైనా గెలుపు దెబ్బ కొట్టినప్పుడు "నిజంగా అయితే దీన్ని ఎలా చేస్తారు?" అని అతన్ని అడిగేవాళ్లం. లేచి నిలబడి, గాలిలో చేతులు తిప్పుతూ, నడుము ఎటు తిరగాలో, బరువు ఏ కాలి మీదికి రావాలో చూపించేవాడు. అది చూసి మిగతావాళ్లూ తమ దెబ్బలకి పేర్లు పెట్టడం మొదలుపెట్టారు: గద్ద దిగుడు, తొండం విసురు, వాన చుక్క. ఇంగ్లిష్ పుస్తకంలోని పేర్లు పలుకుతున్నన్నాళ్లూ బిగుసుకుపోయిన బల్ల, మన మాటల్లో పేర్లు పెట్టుకున్నాక తెరుచుకుంది.

కొనే ముందు ఒక సాయంత్రం

గర్ప్స్‌కి లైట్ అనే చిన్న ఉచిత పుస్తకం ఉంది, అవతార్ లెజెండ్స్‌కి కూడా ఉచిత క్విక్‌స్టార్ట్ (ఆడి చూడటానికి సరిపడే కుదించిన పుస్తకం) ఉంది. మీరు చూస్తున్న ప్రతి ఆటకీ అలాంటిది దొరుకుతుందేమో ముందు వెతకండి. దొరికితే ఒకే సన్నివేశాన్ని రెండు ఆటల్లో ఆడి చూడండి. నేను వాడే సన్నివేశం ఇది: వానలో ఒక సత్రం, పై అంతస్తులో గాయపడిన గురువు, మెట్ల కింద ఎనిమిది మంది గూండాలు, వాళ్లని తెచ్చినవాడు మీ పాత్రల్లో ఒకరికి ఒకప్పటి ప్రాణస్నేహితుడు. ఇందులో గుంపుతో పోరు ఉంది, పేరున్న శత్రువు ఉన్నాడు, తెగని బంధం ఉంది. పాత్రలు మీరే తయారుచేసి పంచండి, మొదటి రోజు ఆ పని ఆటగాళ్లకి వద్దు.

ఆడుతున్నప్పుడు రెండే గమనించండి. ఒకరి వంతు అయ్యాక మళ్లీ వాళ్ల దగ్గరికి రావడానికి ఎంతసేపు పడుతోంది? ఐదుగురిలో అది పది నిమిషాలు దాటితే ఆ ఆట మీకు బరువు. రెండోది, ఆ పాత స్నేహితుడు ఎదురుపడినప్పుడు ఆటగాళ్లు కాగితం వైపు చూస్తున్నారా, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారా? ఎత్తుల మీద ఆశ ఉన్నవాళ్లు కాగితం చూస్తారు, బంధాల మీద ఆశ ఉన్నవాళ్లు ముఖాలు చూస్తారు. ఐదుగురిలో ఎవరు ఎటు చూశారో ఇక్కడ రాయండి, మీ కరాటే మిత్రుడు ఏమన్నాడో కూడా. దాన్నిబట్టి మొదటి మూడు సెషన్లు ఎలా మొదలుపెట్టాలో చెబుతాను.